చిన్న పెద్ద

వేసవి మొదట్లో చేపల చెరువుల వాసన ఒక రకంగా ఉంటుంది. నాచు, బురద, మేతకి కలిపే తవుడు, అన్నీ కలిసి ఎండలో కాగిన వాసన. పోయిన ఆదివారం పొద్దున్న నేనిప్పుడు ఉంటున్న ఏలూరులో బయలుదేరి, పెదపాడు దాటి, మా ఊరి గట్టు ఎక్కేసరికి ఆ వాసన ఒక్కసారిగా ముక్కుకు కొట్టింది. మామూలుగా అయితే ఊపిరి బిగబట్టి ముందుకు పోతాను. ఆ రోజు స్కూటరు ఆపి గట్టు మీద నిలబడ్డాను. ఆరాధనకు ఇంకా అరగంట ఉంది. జేబులో ఫోను, ఆ ఫోనులో ముందురోజు షారోను పంపిన సందేశం. "రేపు ఆరాధన అయ్యాక మీతో పది నిమిషాలు మాట్లాడాలండీ. మేం ముగ్గురం వస్తాం. ఏమీ అనుకోకండి." షారోనుకు ఇరవై ఆరేళ్ళు. ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సు, మా సంఘంలో యవ్వనస్థుల నాయకురాలు. ఏమీ అనుకోవద్దని ముందే చెప్పారంటే అనుకోవలసింది బోలెడు ఉందన్నమాట. ముప్పై మూడేళ్ళుగా ఆ సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి, ఆమాత్రం నాకు తెలుసు. సందేశం చదివినప్పటినుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ వాసనలో నిలబడి, ఆ మంటలో ఉండగా, నాకు యోబు తాతగారు గుర్తొచ్చారు. ఆయనను ఎరగనివాళ్ళకి ఆయన గురించి చెప్పేటప్పుడు ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది: మహా విసిగించే మనిషి. పోయి పన్నెండేళ్ళు దాటింది. పోయిన పెద్దలను తలుచుకుంటే కళ్ళు చెమర్చాలి. నాకు మాత్రం ముందు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది, కళ్ళు చెమర్చడం ఆ తరవాతి సంగతి.

మాది కొల్లేటి అంచున చిన్న ఊరు, చిన్న గుడి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, తాడేపల్లిగూడెం నుంచి నెలకు రెండు ఆదివారాలు వచ్చేవారు. మిగిలిన ఆదివారాల్లో ఆరాధన నడిపించేది సంఘ పెద్దలే. అయిదుగురు ఉండేవారు. వాళ్ళందరికీ పెద్ద యోబు తాతగారు. కాలవల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించుతూ ఏ ఊరికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే ఉద్యోగం అది. నాకు ఆయన చుట్టమేమీ కాదు. ఊళ్ళో అందరికీ తాతగారే. ఆ అయిదుగురిలో ఒకాయన కాలం చేస్తే, ఖాళీ అయిన చోటికి ఎవరిని తీసుకోవాలన్న మాట వచ్చింది. యోబు తాతగారు నా పేరు చెప్పారు. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. బడిలో తెలుగు మాస్టారుగా చేరి ఏడాది కూడా కాలేదు.

మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. వాళ్ళలో ప్రకాశంగారని ఒకాయన, మెత్తగా మాట్లాడే మనిషి, అసలు విషయం ఒక్క ముక్కలో చెప్పేశారు. "పెద్ద అంటే పెద్దవాడనే కదండీ అర్థం. ఆ మాటలోనే ఉంది. పాతికేళ్ళ కుర్రాణ్ణి పెద్ద అంటే వినేవాళ్ళు నవ్వుతారండీ."

"తిమోతికి పౌలు ఎఫెసు సంఘాన్ని అప్పగించినప్పుడు గడ్డం నెరిసిందో లేదో చూసి అప్పగించాడా అండీ?" అన్నారు యోబు తాతగారు. "వయసు తక్కువని నిన్నెవరూ చులకన చెయ్యకుండా చూసుకోమని ఆ కుర్రాడికి ఉత్తరం రాయాల్సొచ్చిందంటే, చులకన చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారన్నమాట. ఆయ్, మనలాంటివాళ్ళే."

అలా నామీద చేతులుంచి ప్రార్థన చేసి నన్ను పెద్దను చేశారు. పిలవడం దగ్గర మాత్రం ఊరికి ఇబ్బంది వచ్చింది. పెద్దగారూ అంటే నలుగురూ పలుకుతున్నారు, అయిదోవాణ్ణి అలా పిలవడానికి ఎవరికీ నోరు రావడం లేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నెల తిరిగేసరికి నేను చిన్న పెద్దగారినయ్యాను. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని తెలుగు మాస్టారుగా నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నాకిప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. మనవడు పుట్టాడు. ఇప్పటికీ చిన్న పెద్దగారినే.

నన్ను నిలబెట్టినాయన నా పక్షాన ఉంటారనుకున్నాను. అది ఎంత అమాయకత్వమో మొదటి సమావేశంలోనే తెలిసింది. వేసవిలో ఆరాధన పదింటికి కాకుండా ఏడింటికి పెడితే ముసలివాళ్ళకి, పిల్లలకి ఎండ దెబ్బ తగలదని చెప్పాను. ప్రకాశంగారు సైతం తలూపారు. యోబు తాతగారు గొంతు సవరించుకుని, "రెహబాము పెద్దల ఆలోచన వదిలేసి తనతో పెరిగిన పడుచువాళ్ళ మాట విన్నాడండీ. రాజ్యం రెండు ముక్కలైంది" అని కూర్చున్నారు. ఏడింటికి ఆరాధన పెట్టడానికీ, ఇశ్రాయేలు రాజ్యం చీలిపోవడానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. పోనీ ఆయన ముసలివాళ్ళ పక్షమా అంటే అదీ కాదు. మరుసటి నెలలో యవ్వనస్థులు కొత్త పాటలు పాడతామంటే ప్రకాశంగారు అడ్డం పడి, పాపం ఆయన కూడా రెహబామునే ఎత్తారు. వెంటనే యోబు తాతగారు తిమోతిని తీసుకొచ్చి ఆయన నోరు మూయించారు. ఎవరు గెలిచేలా ఉంటే వాళ్ళకి ఎదురు తిరగడం ఆయనకు పద్ధతి. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"తాతగారూ, ఇంతకీ మీరు ఎటువైపండీ?"

"ఎటు తక్కువమంది ఉంటే అటండీ. కొల్లేట్లో పడవెక్కినవాళ్ళందరూ ఒకే పక్కన కూర్చోరు కదా" అన్నారు.

ఇంకో బాధ ఉంది. నేను పెద్దనైన రోజునుంచి ఆయన నన్ను మీరు అనడం మొదలుపెట్టారు. చిన్నప్పటినుంచి ఒరేయ్ దాసూ అని పిలిచిన మనిషి. సిగ్గుతో చచ్చిపోయి, అలా పిలవద్దని బతిమాలాను. "మీకు కాదండీ ఆ గౌరవం, మీ పనికి" అన్నారు. సరే, అలవాటు చేసుకుందామంటే అదీ పూర్తిగా ఉండదు. గుడి గేటు లోపల మీరు, గేటు దాటితే ఒరేయ్. ఒకే మాట గేటు దగ్గర రంగు మార్చుకునేది. "ఏవండీ చిన్న పెద్దగారూ, ఇవాళ ప్రార్థన చక్కగా చేశారండీ" అంటూ గేటు దాకా వచ్చి, అది దాటగానే, "అంత పొడుగు ప్రార్థన ఏంటిరా, ముసలాళ్ళం మోకాళ్ళ మీదున్నామన్న ధ్యాస ఉందా నీకు?" అనేవారు. చుట్టూ మా విద్యార్థుల తల్లిదండ్రులు నవ్వుతుండేవారు. ప్రసంగం మధ్యలో అయితే ముందు బల్ల మీదినుంచి చెయ్యెత్తి, "ఆ వాక్యం ఎక్కడుందండీ?" అని అడిగేవారు. అధ్యాయం గుర్తు రాక నేను తడుముకుంటుంటే, "పర్వాలేదండీ, నెమ్మదిగా వెతకండి" అని తీరిగ్గా కూర్చునేవారు. ఆ రోజుల్లో శనివారం వస్తోందంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది. అలా భయపడి భయపడి బైబిలు చదివాను, అది వేరే విషయం.

బాప్తిస్మాల సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పినట్టు కాదు. నేను పెద్దనైన రెండో ఏడు పదకొండుమంది బాప్తిస్మానికి సిద్ధమయ్యారు. మా దగ్గర బాప్తిస్మాలు ఊరి పక్క కాలవలోనే. ఏప్రిల్లో ఒక ఆదివారం పెట్టుకుందామని యవ్వనస్థులందరం కూర్చుని ఖాయం చేసేశాం. అయ్యగారికి కబురు పెట్టాం. గణపవరం నుంచి, తణుకు నుంచి చుట్టాలను పిలుచుకున్నారు. అన్నీ అయ్యాక పెద్దల సమావేశంలో చెప్పాను. యోబు తాతగారు నావైపు చూసి, "రెహబామండీ" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. మళ్ళీ మొదలైందిరా బాబూ అనుకుని పట్టించుకోలేదు.

ఆదివారం వచ్చింది. పదకొండుమందీ తెల్లబట్టలు కట్టుకున్నారు. ముందు అయ్యగారు, పక్కన నేను, వెనక పాటలు పాడుకుంటూ ఊరంతా. కాలవ గట్టు ఎక్కి కిందికి చూస్తే నీళ్ళు లేవు. మడమ లోతు బురద, అందులో రెండు కొంగలు. ఆ ఏడు కాలవ పనులకని మామూలుకంటే పదిహేను రోజులు ముందే, రెండు రోజుల కిందటే లాకులు మూసేశారు. పాట దానంతట అదే ఆగిపోయింది. అయ్యగారు నావైపు చూశారు. తణుకు నుంచి వచ్చిన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను గిర్రున వెనక్కి తిరిగి, గుంపులో నింపాదిగా నడిచి వస్తున్న తాతగారి దగ్గరికి వెళ్ళాను.

"నలభై ఏళ్ళు కాలవ మీద పని చేశారు కదండీ, నీళ్ళుండవని ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది?"

"మీరు అడగలేదు కదండీ."

"రెహబాము అన్నారు కదా, దాని బదులు నీళ్ళు అనొచ్చు కదా!"

"రెహబాము ముందు ముసలాళ్ళని అడిగాడండీ. విన్లేదు, అది వేరే. కానీ అడిగాడు. మీరు అదీ చెయ్యలేదు" అన్నారు. అది గేటు బయటే. అయినా అండీ అనే అన్నారు, బహుశా బాప్తిస్మం జరిగే చోటు ఎక్కడైనా గుడేనని కాబోలు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గట్టుకు అవతల సుబ్బారాయుడుగారనే ఒక రైతు చేపల చెరువు ఉంది. వరి తీసేసి కొత్తగా తవ్వించారు. ఆయన మా మతం వారు కారు, మాతో పెద్దగా రాకపోకలూ లేవు. సిగ్గు చంపుకుని వెళ్ళి, చెరువులో దిగనిస్తారా అని అడిగాను. "అదేంటండీ అలా అడుగుతారు? యోబుగారు శుక్రవారమే వచ్చి చెప్పి వెళ్ళారు కదా. దిగడానికి వీలుగా గట్టు చెక్కించాను, అడుగున గుల్లలు ఏరించాను. ఇంకా రాలేదేంటా అని పొద్దుటినుంచీ చూస్తున్నానండీ" అన్నారాయన. పదకొండుమందికీ ఆ చెరువులోనే బాప్తిస్మం జరిగింది. ఒక్కొక్కరినీ ముంచినప్పుడల్లా చేపలు ఎగిరి పడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు, నేను తప్ప. అడిగితే చెప్పేవాణ్ణి అనే మనిషి, అడక్కుండానే చెరువు సిద్ధం చేయించిన మనిషి, నా పరువు మాత్రం బురదలో దిగనిచ్చాడు. ఆ కోపం నాకు పూర్తిగా పోలేదు. కాకపోతే ఆ తరవాత ఎప్పుడూ ఒక్క పని కూడా అడక్కుండా తలపెట్టలేదు.

నేను ఆయన దగ్గర అడగడం నేర్చుకున్నాను. చెప్పడం నేర్చుకోలేదు. ఆ తేడా తెలియడానికి పదిహేనేళ్ళు పట్టింది.

ఆయనకు డెబ్భై అయిదు దాటాక మతిమరుపు మొదలైంది. మొదట్లో చిన్న చిన్నవే. చదివిన కీర్తననే మళ్ళీ చదివేవారు. ఏడాది క్రితం చనిపోయినావిడ ఆరాధనకు రాలేదేమని అడిగేవారు. మేం మెల్లగా సర్దేసేవాళ్ళం. మా వైపు అలాంటివి సర్దడం బాగా వచ్చు. ఎవరి తప్పునైనా ఒక అండీ కింద పెట్టి కప్పేస్తాం. అలాగేనండీ, మీరన్నదే నిజమండీ, పోన్లెండి. ఆయనకు తెలియనివ్వకుండా ఆయన వెనక తప్పులు దిద్దుకుంటూ తిరగడాన్ని గౌరవం అనుకున్నాను. అలా నాలుగేళ్ళు గడిచాయి. ఆ తరవాత ఆనందు అనే అబ్బాయి పెళ్ళి జరిగింది. ఆనందుకు జోసెఫని ఒక అన్న ఉండేవాడు, రెండేళ్ళ ముందు రోడ్డు ప్రమాదంలో పోయాడు. వధూవరుల కోసం ప్రార్థన చేస్తూ యోబు తాతగారు, "ఈ అమ్మాయినీ, జోసెఫునూ ఆశీర్వదించు ప్రభువా, వీళ్ళు నిండు నూరేళ్ళు" అన్నారు. ముందు వరసలో ఉన్న ఆ తల్లి కేక పెట్టి పడిపోయింది. ఆ కేక ఎందుకో తాతగారికి తెలియలేదు. ప్రార్థన ముగించి చిరునవ్వుతో కూర్చున్నారు.

మర్నాడు పెద్దలందరం కలిశాం. ఇక ఆయనను తప్పించాలి అన్నారు. ఎవరు చెప్పాలన్న దగ్గర అందరూ నావైపు చూశారు. "మీరైతే చిన్నవారు కదండీ, ఆయన ఏమీ అనుకోరు" అన్నారు ప్రకాశంగారు. నాకప్పటికి నలభై రెండు. పెద్దలకి కొదవైనప్పుడు పెద్దని, కష్టం మీద పడ్డప్పుడు చిన్నని.

నేను వెళ్ళేసరికి తాతగారు వసారాలో కిటికీ చువ్వకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నారు. ఆరోగ్యం అడిగాను. కంటి ఆపరేషను సంగతి అడిగాను. వానలు పడేలా ఉన్నాయా అని కూడా అడిగాను. సగం మొహం నురగతో నావైపు తిరిగారు.

"ఒరేయ్ దాసూ, కుర్రాడు సమూయేలు పొద్దున్నే లేచి మందిరం తలుపులైతే తీశాడు గానీ, దేవుడు చెప్పిన చేదు మాట తన గురువు, ముసలి యాజకుడు ఏలీకి చెప్పడానికి భయపడ్డాడు. ఏలీయే పిలిచి, దాచకుండా చెప్పమన్నాడు. నువ్వొచ్చి అరగంటయింది. సంఘం పంపితే వచ్చినట్టున్నారు. చెప్పండి."

చెప్పాను. జోసెఫు మాట చెప్పాను, ఆ తల్లి మాట చెప్పాను, పెద్దల తీర్మానం చెప్పాను. ఏలీలాగా, ప్రభువు చిత్తం అని ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. కత్తి గిన్నెలో విసిరేశారు.

"ఇదే మొదటిసారా?"

"కాదండీ."

"ఎన్నాళ్ళబట్టి?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళబట్టి నేను తప్పులు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? ఆ తల్లి అందరి ముందూ కూలబడేదాకా ఆగావా?" అన్నారు. "అందరూ వద్దంటుంటే నిన్ను పెద్దని ఎందుకు చేశాననుకున్నావురా? నా వెనకాల దిద్దుకుంటూ తిరుగుతావనా? నేను తప్పితే నా మొహం మీద చెప్తావని. ముసలాళ్ళు ముసలాళ్ళకి చెప్పుకోరు, మొహమాటం. అందుకే ఒక కుర్రాడు కావాలన్నాను. ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మొహం మీద నురగ ఆరిపోయి పొరలు లేస్తుంటే, ఆయన అలాగే కూర్చుని ఏడ్చారు. తన కోసం కాదు, ఆ తల్లి కోసం. నేనూ ఏడ్చాను. మధ్యాహ్నం ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళి, చేతులు జోడించి క్షమించమని అడిగారు. ఆ తరవాత రెండు నెలలు గుడికి రాలేదు. నామీద కోపంతోనే రాలేదని నాకు తెలుసు. తిరిగొచ్చాక ఆఖరి బల్ల మీద కూర్చున్నారు. చనిపోయేదాకా అక్కడే కూర్చున్నారు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక షారోను, ఆమెతోపాటు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. గిటార్లు కావాలంటారు, లేదా కొత్త స్పీకర్లు కావాలంటారు అనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. రెహబాము నాలుక చివరే ఉన్నాడు. షారోను నా ఆరోగ్యం అడిగింది. మా మనవడి గురించి అడిగింది. ఇద్దరు కుర్రాళ్ళూ నేలచూపులు చూస్తున్నారు.

"సంగతేంటమ్మా, చెప్పు" అన్నాను విసుగ్గా.

"మీకు ఎడమ చెవి సరిగా వినబడటం లేదండీ" అంది. "ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు మేం ఒకటి చెప్తే మీరు ఇంకొకటి వింటున్నారు. మరియమ్మగారు మనవరాలి కాన్పు కోసం ప్రార్థించమంటే, మీరు ఆ అమ్మాయి కాలు నొప్పి కోసం ప్రార్థన చేశారండీ. అదీ మూడు వారాలు. కాన్పు చాలా కష్టమైంది. ఇద్దరూ క్షేమంగానే ఉన్నారు గానీ, సంఘం ప్రార్థన చెయ్యలేదని ఆవిడ బాధ. ఇక ఆ పని మాకు అప్పగిస్తారేమోనని..."

చెవుల్లో రక్తం పొంగినట్టయింది. ఎంత మాట! ఏ చెవి వినబడుతుందో ఈ పిల్ల నాకు చెప్పాలా? మరియమ్మగారు మొన్న కూడా నాతో నవ్వుతూ మాట్లాడారే. "ఎన్నాళ్ళబట్టి?" అని అరిచాను. అరిచాక ఆ ప్రశ్న ఎవరిదో తెలిసి నా గొంతు నాకే వింతగా వినబడింది.

"రెండేళ్ళండీ."

"రెండేళ్ళు చూస్తూ ఊరుకున్నారా? ఎందుకు చెప్పలేదు?"

"మీరు పెద్దవారు కదండీ" అంది షారోను.

ఇన్నేళ్ళూ యోబు తాతగారి నుంచి నాకు మిగిలింది ఓపికో, వాక్య జ్ఞానమో అనుకుంటూ వచ్చాను. కాదు. ఆ వసారాలో నేను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఒక్కటే మిగిలింది. దాని జవాబు ఇంత చిన్నది, ఇంత మర్యాదైనది. ముప్పై మూడేళ్ళ కిందట ప్రకాశంగారు చెప్పిన అర్థాన్నే మేమందరం మోసుకొచ్చాం. పెద్ద అంటే ఎవరూ ఏమీ చెప్పకూడని మనిషి. తాతగారు ఆ అర్థం మార్చాలని నన్ను తెచ్చారు, నేను మార్చలేదు.

వచ్చే ఆదివారం నుంచి మనవులు నువ్వే తీసుకోమని షారోనుకు చెప్పాను. సాయంత్రం మరియమ్మగారి ఇంటికి వెళ్తున్నానని, తోడు రమ్మని చెప్పాను. హమ్మయ్య అన్నట్టు ముగ్గురూ లేచారు. నా కోపం ఇంకా తగ్గలేదు. "కూర్చోండి" అన్నాను. నా కుడి చెవి వాళ్ళవైపు ఉండేలా కుర్చీ జరుపుకుని, రెండేళ్ళలో ఇంకేమేం దాచారో ఒక్కొక్కటీ చెప్పమన్నాను.